‘బాగుండాది సామీ’ అన్నంత మాత్రాన సరిపోదు

బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, అనంతపురంలోనే, నేను పని చేస్తున్నాను. ఫోన్ చేస్తే తోటలో మోటారు తిరగాలి, మళ్ళీ చేస్తే ఆగాలి, ఒక ఫేజు పోతే కాలిపోకముందే తనంతట తాను ఆగిపోవాలి. చెప్పడానికి ఇంతే. కానీ ఆ డబ్బాలో ఏముండాలి, ఏది ఉండకూడదు అని తేల్చుకోవడానికి పొలాల గట్ల మీద మేం గడిపిన టైం, దాన్ని తయారు చేయడానికి పట్టిన టైం కంటే ఎక్కువే ఉంటుంది. ఈ మధ్య ఇంజినీరింగ్ పిల్లలు, కొత్తగా కంపెనీలు పెట్టుకున్న తమ్ముళ్ళు తరచుగా అడుగుతున్నారు, ‘యూజర్ రీసెర్చ్ (వాడేవాళ్ళకి ఏం అవసరమో కనుక్కోవడం) అంటే ఒక గూగుల్ ఫారం చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే చాలదా అన్నా’ అని. చాలదు. ఆ ఫారం నింపేది బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు, మోటారు వేసేది నార్పల పక్కన తోటలో ఉన్న నాయన. ఇద్దరి కష్టం ఒకటి కాదు. ఇది ఒక్కటే కారణం అయితే ఫారం ఇంకెవరికో పంపి ఊరుకోవచ్చు, కానీ అసలు చిక్కు ప్రశ్న అడగడంలోనే ఉంది.

మన సీమలో తోటకి ఎవరైనా వస్తే ముందు మంచం వాలుస్తారు, చెంబుతో నీళ్ళిస్తారు, ఎండాకాలమైతే మజ్జిగ ఇస్తారు. అలా కూర్చోబెట్టి మర్యాద చేసిన మనిషి సంచిలోంచి ఒక డబ్బా తీసి ‘ఇది మేం చేసినాం పెద్దాయనా, ఎట్లుంది?’ అంటే బాగలేదని ఎవరంటారు? ‘బాగుండాది సామీ, రైతులకి శానా ఉపయోగం’ అంటారు. అది అబద్ధం కాదు, ఎదుటి మనిషి మనసు నొప్పించకూడదన్న మర్యాద. దాన్ని తప్పు పట్టే హక్కు మనకి లేదు. కాకపోతే ఆ మాటని కాగితం మీద రాసుకుని వచ్చి, మీటింగులో చూపించి, పది వేల డబ్బాలకు ఆర్డరు ఇవ్వడం మాత్రం తప్పు.

దీని మీద పక్కనే బెంగళూరులో మంచి పరిశోధన జరిగింది. నికోలా డెల్, ఇంద్రాణి మేధి, మరికొందరు కలిసి 450 మందిని ఇంటర్వ్యూ చేసి 2012లో ఫలితాలు బయటపెట్టారు. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు వస్తువుల్ని చూపించి, వాటిలో ఒకటి ఇంటర్వ్యూ చేస్తున్న మనిషి తయారు చేసిందని తెలిసేలా చేశారు. దాన్నే బాగుందనే అవకాశం రెండోదాని కంటే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అడిగేది విదేశీయుడై, పక్కన మాటలు మార్చి చెప్పే మనిషి కూడా ఉంటే అది ఐదు రెట్లయింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, ఆయన తెచ్చినదాన్ని కావాలని నాసిగా చేసి చూపించినా అదే బాగుందన్నారు. ఈ పేపరు చదివినప్పుడు నాకు మన చీనీ (బత్తాయి) తోటలే కళ్ళ ముందు కనిపించాయి. ప్యాంటు, బూట్లు, మెడలో ఐడీ కార్డు వేసుకుని పోతే మనకీ రైతుకీ మధ్య దూరం కూడా తక్కువేం కాదు. మనం మాట్లాడేది తెలుగే అయినంత మాత్రాన ఆ దూరం పోదు.

అందుకే తయారు చేసింది మేమే అని చెప్పడం ఇప్పుడు మానేశాం. డబ్బాలు చూపించాల్సి వస్తే రెండు మూడు రకాలు తీసుకెళ్తాం, ఏది ఎవరిదో చెప్పం, ‘వీటిల్లో ఏది మీ చేతిలో తొందరగా చెడిపోతుంది అనుకుంటారు?’ అని అడుగుతాం. చెడిపోయేది ఏదో చెప్పమంటే మొహమాటం ఉండదు. మాటలు వరద మాదిరి వస్తాయి. మూత వదులుగా ఉండాది, తేలు దూరుతాది, ఈ బటన్ వానకి బిగుసుకుంటాది, ఈ రంగు ఎండకి వెలిసిపోతే అక్షరాలు కనపడవు. బాగుందా అని అడిగి ఉంటే ఇందులో ఒక్క ముక్క కూడా బయటికి వచ్చేది కాదు.

మొహమాటం కంటే బలమైనది ఇంకోటి ఉంది, భయం. 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకున్నప్పటి నుంచి, చేతిలో నోట్‌బుక్ పట్టుకుని స్టార్టర్ డబ్బా దగ్గర నిలబడే ఏ కొత్త మనిషినైనా రైతు ఇంకో కంటితో చూస్తాడు. 2004 నుంచి ఉచిత కరెంటు మీద బతుకుతున్న తోటలు ఇవి. మీరెంతసేపు మోటారు వేస్తారు, ఎన్ని హెచ్‌పీ, ఎన్ని బోర్లు ఉన్నాయి అని అడిగితే ఆ ప్రశ్నలు ఎవరి నోటి నుంచి వచ్చినట్టు ఉంటాయో ఆలోచించండి. మూడు బోర్లున్నా ఒకటే అంటారు, ఐదు హెచ్‌పీ కనెక్షన్ మీద ఏడున్నర హెచ్‌పీ తిరుగుతున్నా ఐదే అంటారు. ఆ లెక్కలు పట్టుకుని డబ్బాలో ఎంత ఆంపియర్లకు కాంటాక్టరు (మోటారుకి కరెంటు కలిపి తెంపే స్విచ్చు) పెట్టాలో నిర్ణయిస్తే తొలి వేసవిలోనే అది కాలిపోతుంది. కాబట్టి ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి, డ్రిప్పు పైపులు అమ్మే షాపాయనో, మోటార్లు దించే మేస్త్రీనో, పక్కన లేకుండా మేం తోటలోకి అడుగు పెట్టం. నోట్‌బుక్ సంచిలోంచి తీయం. హెచ్‌పీ గురించి ఎవరినీ అడగం, మేస్త్రీనే అడుగుతాం. ఆయనకి ఊళ్ళో ప్రతి బోరు లోతూ, ప్రతి మోటారు బలమూ నోటి మీద ఉంటాయి.

ఇక ప్రశ్నల సంగతి. ‘మీకు ఏం కావాలి?’ అన్నంత పనికిరాని ప్రశ్న ఇంకోటి లేదు అని నేను గట్టిగా నమ్ముతాను. ‘ఇట్లాంటిది ఉంటే కొంటారా?’ అన్నది దానికి తమ్ముడు. రేపటి సంగతి అడిగితే మనిషి ఊహించి చెప్తాడు, నిన్నటి సంగతి అడిగితే జరిగింది చెప్తాడు. నిన్న కరెంటు ఎన్నింటికి వచ్చింది, వచ్చిందని మీకెట్లా తెలిసింది, అప్పుడు మీరెక్కడున్నారు, ఎవరు పోయి మోటారు వేశారు, పోయేటప్పుడు చేతిలో ఏముంది, నీళ్ళు ఎంతసేపు పోసింది, ఎందుకు ఆపేశారు. ఇంత చిన్న చిన్నగా, ఒకదాని వెనక ఒకటి. చివరిసారి మోటారు కాలింది ఎప్పుడో అడగండి, ఆ రోజు మొత్తం చెప్పించుకోండి. వైండింగుకి ఎంతయింది, పైపులు పైకి లాగడానికి ఎవరు వచ్చారు, ఆ నాలుగు రోజులు చెట్లకి నీళ్ళెట్లా పెట్టారు, ట్యాంకరు తోలించారా, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు. కొంటారా అని అడగాల్సిన పనే లేదు, ఆ కష్టం తప్పించుకోవడానికి ఇప్పటికే ఎంత ఖర్చు పెట్టారో అందులోనే తెలిసిపోతుంది.

ఇలా నిన్నటి సంగతులు వింటుంటే మాకు తెలిసొచ్చిన పెద్ద విషయం ఒకటుంది. మొబైల్ స్టార్టరు అంటే దూరం నుంచి మోటారు వేయడానికి అని అందరూ అనుకుంటారు, ప్రకటనల్లోనూ అదే బొమ్మ, ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ నొక్కుతున్న రైతు. కానీ డ్రిప్పు ఉన్న చీనీ తోటలో మోటారు వేసినంత మాత్రాన పని అయిపోదు. ఒక మడికి నీళ్ళు అయ్యాక గేటు వాల్వు కట్టేసి ఇంకో మడిది తిప్పాలి, ఫిల్టరు కడగాలి, ఎలుకలు కొరికిన పైపు ఉంటే కట్టాలి. మనిషి ఎలాగూ తోటకి పోవాల్సిందే. మరి ఆ డబ్బా ఎందుకు కొన్నారు అని తవ్వితే తేలింది, చాలా ఇళ్ళలో దాన్ని వాడేది మోటారు వేయడానికి కాదు, కరెంటు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి. త్రీఫేజ్ వచ్చిన వెంటనే డబ్బా ఫోన్ చేస్తుంది, అప్పుడు టీవీఎస్ బండి తీసుకుని బయల్దేరుతారు. వట్టిగా పోయి కరెంటు కోసం గట్టు మీద కాచుకుని కూర్చునే బాధ తప్పింది. ఇది తెలిశాక మా ఇంజినీర్లు మొత్తం శ్రద్ధ ఆ ఒక్క ఫోన్ కాల్ మీద పెట్టారు, ఎంత త్వరగా రావాలి, ఎత్తకపోతే మళ్ళీ ఎప్పుడు చేయాలి, మొదటి నంబరు ఎత్తకపోతే ఎవరికి పోవాలి అని. అందంగా ఉండే యాప్ గురించి మాట్లాడటం ఆ తర్వాత చాలా తగ్గింది.

మాటలు ఎంత విన్నా కళ్ళతో చూసినదానికి సాటి రావు. నేను కొత్తగా చేరినవాళ్ళకి మొదట చెప్పేది, మనిషితో మాట్లాడే ముందు ఆయన స్టార్టర్ డబ్బాని చూడండి అని. మీరు చూసే ఉంటారు, పచ్చ బటన్‌కి పుల్ల దోపి కదలకుండా దారంతో కట్టేసి ఉంటుంది, కరెంటు రాగానే మోటారు తిరగాలని. డబ్బా లోపల చీమలు, బల్లి గుడ్లు, ఒక్కోసారి కాంటాక్టుల మధ్య ఎండిపోయిన బల్లి. పైన ఎరువుల సంచి కప్పి ఉంటుంది. మూత లోపలి వైపు పెన్నుతోనో సుద్దతోనో రాసిన ఫోన్ నంబర్లు ఉంటాయి, లైన్‌మన్‌ది, మెకానిక్‌ది, పాలివాళ్ళది. రెండు ఫేజుల మీద తిప్పుకోవడానికి తగిలించిన కండెన్సర్లు వైర్లతో వేలాడుతుంటాయి. ఇవన్నీ ప్రమాదమే, నేను కాదనను, పుల్ల దోపిన స్టార్టర్ల దగ్గర షాకు కొట్టి ప్రాణాలు పోయిన ఇళ్ళు మన పల్లెల్లో ఉన్నాయి. కానీ వస్తువు తయారు చేసేవాడికి అక్కడే అంతా రాసి ఉంది. చీమలు దూరుతున్నాయంటే కేబుల్ వచ్చే రంధ్రాన్ని మూసే రబ్బరు బిరడా సరిగా లేదని. సంచి కప్పారంటే డబ్బా వానకి ఆగదని రైతు ఎప్పుడో తేల్చేశాడని. ఫోన్ నంబర్లు లోపల రాశారంటే, అవసరం వచ్చిన క్షణంలో మనిషి అక్కడే నిలబడి ఉంటాడు, చేతులు తడిగా ఉంటాయి, ఫోన్‌లో పేరు వెతికే ఓపిక ఉండదు అని. మా డబ్బా మూత లోపల ఇప్పుడు తెల్లటి ఖాళీ చోటు ఉంటుంది, రాసుకోవడానికి. దానికి పైసా ఖర్చు లేదు. మా వస్తువులో రైతులు పేరుపెట్టి మెచ్చుకునేది అదే.

చెప్పులు లేని కాళ్ళతో, బురదలో నిలబడి, తడి చేత్తో వాడే వస్తువు ఇది. ఆఫీసులో టేబుల్ మీద పెట్టి చూసినంతకాలం ఆ సంగతి తట్టదు. జైపూర్ కాలు కథ నాకు ఎప్పుడూ ఇందుకే గుర్తొస్తుంది. 1960ల చివర్లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి దాన్ని రూపొందించారు. అప్పటిదాకా ఉన్న విదేశీ కృత్రిమ కాళ్ళకి బూటు తప్పనిసరి, వాటితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, పొలంలో వట్టి కాళ్ళతో నడవలేరు. కాలు పోయిన మనిషికి కాలు కావాలని అందరికీ తెలుసు. ఆ మనిషి నేల మీద కూర్చుని తింటాడు, గుళ్ళోకి చెప్పులు విడిచి పోతాడు, దుక్కిలో నడుస్తాడు అన్నది చూసినవాళ్ళు చేసిన కాలు కాబట్టే అది వాడుకలో నిలిచింది. శర్మగారు పెద్దగా చదువుకున్నవారు కూడా కాదు.

పొలాల తర్వాత నాకు ఎక్కువ నేర్పింది వైండింగ్ షాపులు. గుత్తి రోడ్డయినా, తాడిపత్రి అయినా, కళ్యాణదుర్గం అయినా, కాలిపోయిన మోటార్లు వరసగా పడి ఉండే ఒక షాపు ఉంటుంది. అక్కడ రెండు టీలు తాగేంతసేపు కూర్చుంటే చాలు. మెకానిక్ కాలిన వైండింగ్ రంగు చూసే చెప్తాడు, ఇది ఫేజు పోయి కాలింది, ఇది నీళ్ళు లేక వట్టిగా తిరిగి కాలింది, ఇది పిడుగు. ఒక ఫేజు పోతే మిగతా రెండిటి మీద భారం పడి వైండింగ్ మాడిపోతుంది, నీళ్ళు తగ్గితే చల్లబరిచేది లేక వేడెక్కి పోతుంది. రైతుకి మాత్రం ఇవన్నీ ఒకటే, ‘మోటారు కాలింది’. అందుకే ఏ కారణం మన డబ్బాతో ఆగుతుంది, ఏది ఆగదు అన్న లెక్క రైతు దగ్గర దొరకదు, షాపులో దొరుకుతుంది. ఇంకో సంగతి, ఫలానా కంపెనీ స్టార్టరు పీకేసి షాపులో పడేసిపోయారంటే ఎందుకు పీకేశారో కూడా ఆ మెకానిక్‌కే తెలుసు. వాడటం మానేసినవాళ్ళ కథలు వాడుతున్నవాళ్ళ కథల కంటే విలువైనవి, కానీ వాళ్ళు మన ఫోన్ ఎత్తరు.

అడిగిందానికీ అవసరానికీ తేడా ఎక్కడుంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. తోటల్లో ఎవరినడిగినా మొదట వచ్చే మాట, ‘కరెంటు రాంగానే దానంతట అదే తిరగాల సామీ’. సరే, ఆటో స్టార్టరు అంటే అదే కదా, పెట్టేస్తే పోతుంది అనిపిస్తుంది. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్లన్నీ కరెంటు రాగానే ఒక్కసారిగా లేస్తే ఏమవుతుంది? మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అందరిదీ ఒకే క్షణంలో అంటే ఫ్యూజులు ఎగిరిపోతాయి, ఓల్టేజీ పడిపోతుంది, వరసగా ఇదే జరిగితే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఆటో స్టార్టర్లు తీసేయండి అని కరెంటోళ్ళు చెప్పేది ఇందుకే. ట్రాన్స్‌ఫార్మర్ పోతే కొత్తది వచ్చేదాకా అందరి చెట్లూ ఎండుతాయి, అడిగిన రైతువి కూడా. అంటే ఒక్కొక్కరి దగ్గర విడివిడిగా కూర్చుని వినేటప్పుడు ఈ అవసరం అసలు కనపడనే కనపడదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి, కిందటి వేసవి ఎట్లా గడిచిందో చెప్పమన్నప్పుడు బయటపడింది. ఇప్పుడు మా డబ్బాలు కరెంటు వచ్చాక ఒక్కోటి ఒక్కో టైంకి లేచేలా పెట్టి ఇస్తాం. ఆలస్యం ఎందుకని మొదట అందరూ అడుగుతారు, ట్రాన్స్‌ఫార్మర్ మాట ఎత్తగానే ఇంకేం అడగరు.

బోరు నీళ్ళ సంగతీ అంతే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది, అది కూడా పడితే. బోర్లు ఎక్కువ భాగం ఎండాకాలంలో ఆగి ఆగి పోస్తాయి. అరగంట పోసి గాలి కక్కుతాయి, కొంతసేపు వదిలేస్తే మళ్ళీ ఊరుతాయి. నీళ్ళు తగ్గితే మోటారు ఆగిపోవాలి అన్నంతవరకే అయితే ఏ డబ్బా అయినా చేస్తుంది, లోడు లేక ఆంపియర్లు తగ్గడాన్ని పట్టి ఆపేస్తుంది. మళ్ళీ ఎప్పుడు వేయాలి అన్నదే అసలు ప్రశ్న, దానికి సమాధానం బోరు బోరుకీ వేరు, నెల నెలకీ వేరు. రైతుకి మాత్రం తెలుసు. ‘మాది ముక్కాలు గంట ఇడిస్తే ఇరవై నిమిషాలు పోస్తాది’ అని ఠక్కున చెప్తారు. ఆ తెలివిని డబ్బాలోకి ఎక్కించుకునే వీలు ఆయన చేతికే ఇవ్వాలి. ఇంగ్లీషులో మెనూలు పెట్టి కాదు, ఒక గుండ్రటి మీట తిప్పి పెట్టుకునేలా. ఆ మీటను రైతులు వేసవిలో ఒకచోట, వానలయ్యాక ఒకచోట పెట్టుకుంటున్నారు.

కాలం సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. చీనీ చెట్లకి కొన్నాళ్ళు నీళ్ళు ఆపి బెట్టకి వదిలి, తర్వాత తడిపితే పూత పడుతుంది. ఆ బెట్ట రోజుల్లో పోయి అడిగితే మోటారుతో ఏ ఇబ్బందీ లేదంటారు, నిజమే, మోటారు వేస్తేగా. ముంగారు శెనక్కాయ వాన మీద పండుతున్న నెలల్లో బెళుగుప్ప వైపు పోయి బోరు గురించి అడిగినా అంతే. పంట ఏ దశలో ఉన్నప్పుడు పోయారో రాయకుండా ‘రైతులు ఇలా అన్నారు’ అని రాసిన రిపోర్టు నేను చదవను.

ఫోన్ ఎవరిది అన్నది ఇంకో పెద్ద విషయం. ఇంటి పెద్దాయన పేరు మీద బిల్లు రాసి, ఆయన నంబరు డబ్బాలో పెట్టి వచ్చేస్తారు. కానీ ఆయన ఊళ్ళో పంచాయితీకో, మార్కెట్ యార్డుకి కాయలు తోలుకునో పోయి ఉంటే తోటలో ఉండేది ఆ ఇంటి ఆడమనిషి. మేం మగవాళ్ళం పోయి కూర్చుంటే ఆమె గుంజ పక్కన నిలబడి వింటుంది, నోరు తెరవదు. మా టీంలో ఉన్న అమ్మాయి పక్కకి పోయి, ‘అక్కా, చెట్లకి నీళ్ళు ఎవరు కడతారు?’ అని మొదలుపెడితే అప్పుడు వచ్చింది అసలు మాట. రాత్రి కరెంటు ఇచ్చిన రోజుల్లో టార్చి పట్టుకుని పోయింది ఆమే, పాము భయంతో కర్ర కొట్టుకుంటూ నడిచింది ఆమే, ఇప్పుడు డబ్బా ఫోన్ చేస్తే ఎత్తాల్సిందీ ఆమే. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. మెసేజీలు చదవదు, అందులోనూ ఇంగ్లీషులో వస్తే అసలే చదవదు. తెలుగులో గొంతు వినిపించి, ఒకటి నొక్కమంటే నొక్కుతుంది. నోటితో చెప్పించుకునే పద్ధతి కంటే అంకె నొక్కించుకునే పద్ధతే పల్లెల్లో బాగా పనిచేస్తుందని గుజరాత్ రైతులతో నీల్ పటేల్ బృందం చేసి 2009లో ప్రచురించిన పరిశోధనలోనూ తేలింది. ఇప్పుడు మాటలు గుర్తుపట్టే టెక్నాలజీ చాలా మెరుగైంది, నిజమే. అయినా మోటారు రొదలో, గాలిలో, చుట్టూ కుక్కలు మొరుగుతుంటే అంకెలకి ఉన్న నమ్మకం వేరు.

ఇంకా, డబ్బాలో వేసే సిమ్ము. చాలావరకు స్టార్టర్లలో ఉన్నది టూజీ మోడెమ్, జియోకి టూజీ లేదు, ఇంట్లో అందరివీ జియో నంబర్లే. కాబట్టి ఇంకో కంపెనీ సిమ్ కొని, దానికి విడిగా రీచార్జి చేయించాలి. గడువు అయిపోతే డబ్బా మూగబోతుంది. ఆ రీచార్జి ఎవరు చేస్తున్నారని అడిగితే నూటికి తొంభై ఇళ్ళలో అనలేను గానీ, చాలా ఇళ్ళలో బెంగళూరులో ఉన్న కొడుకో కూతురో. వాళ్ళకి గడువు గుర్తుచేసే మెసేజీ పంపాలి, అమ్మకి గొంతు వినిపించాలి, నాయనకి మూతలో రాసుకునే చోటు ఉండాలి. ఒకే డబ్బాకి ఇంతమంది వాడకందార్లు.

వాయిస్ మెనూ చేసేటప్పుడు మేం ముందే ప్రోగ్రాం రాయలేదు. మా ఆఫీసులో ఒకాయన పక్క గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు, రికార్డు చేసిన గొంతులా మాట్లాడుతూ, ‘మోటారు ఆపడానికి రెండు నొక్కండి’ అని. అవతల తోటలో ఉన్న మనిషికి అది యంత్రమే. ఎక్కడ తికమక పడుతున్నారో, ఏ మాట అర్థం కావడం లేదో అక్కడికక్కడే మార్చుకుంటూ పోయాం. ‘మీ అభ్యర్థన స్వీకరించబడింది’ అన్న వాక్యం తొలిరోజే పోయి ‘మోటారు ఆగింది’ వచ్చింది. తర్వాత ఆ విషయం వాళ్ళకి చెప్పాం కూడా, చెప్పకుండా ఉంచడం పద్ధతి కాదు.

ఐదుగురితో మాట్లాడితే చాలట కదా అని అడిగేవాళ్ళకి ఒక మాట. వస్తువుల వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క అది, ఐదుగురు వాడి చూస్తే వాడకంలోని లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని, 1993లో లాండవర్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి చేసిన పని మీద ఆధారపడి. అది తయారైపోయిన వస్తువులో లోపాలు వెతకడం గురించి, అది కూడా వాడేవాళ్ళు ఒకే రకం మనుషులైనప్పుడు. మనుషులకి అసలు ఏం అవసరమో కనుక్కోవడానికి ఆ అంకె పనికిరాదు. గార్లదిన్నెలో చీనీ రైతులు ఐదుగురిని కలిసి వచ్చి, కడప జిల్లా లింగాల వైపు అరటి రైతుల గురించి కూడా తెలిసిపోయింది అనుకోకూడదు. నేను పాటించేది ఒక్కటే, కొత్త మనిషి చెప్పే కథలో కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా ఆ రకం వాళ్ళ దగ్గరికి పోతూ ఉండటం.

ఇంకో ముఖ్యమైనది, రిపోర్టు రాసి ఇచ్చి సర్క్యూట్ గీసే ఇంజినీరుని ఆఫీసులో కూర్చోబెట్టకండి. ఆయన్నే తీసుకెళ్ళండి. నేను పేజీలకి పేజీలు రాసినా కదలని మనిషి, ఒక ముసలాయన కళ్ళద్దాలు లేకుండా ఎర్ర లైటుకీ పచ్చ లైటుకీ తేడా తెలియక డబ్బాకి చెవి ఆనించి వినడం చూసి, ఆ రోజే మోటారు తిరుగుతున్నప్పుడు ఒక శబ్దం, ఆగినప్పుడు ఇంకో శబ్దం వచ్చేలా బోర్డు మార్చాడు.

మాకు ఇంకా తెగనిది భాగాల బోరు. అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే బోరు, వంతు ప్రకారం నీళ్ళు. ఎవరి నంబరు డబ్బాలో పెట్టాలి? ముగ్గురివీ పెడితే ఒకరి వంతులో ఇంకొకరు ఆపేశారని గొడవ, ఒకరిదే పెడితే మిగతా ఇద్దరూ ఆయన్ని బతిమాలుకోవాలి. వంతులు డబ్బాలోనే పెట్టేద్దాం అని మా వాళ్ళలో కొందరి వాదన. నాకు అది నచ్చడం లేదు, ఎందుకంటే వంతు అన్నది రాసుకున్న రూలు కాదు, చెట్టు వాడితే తమ్ముడు అడుగుతాడు, అన్న వదిలేస్తాడు, కరెంటు పోయిన పూట ఎవరి లెక్కలో పడుతుందో వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. ఆ మాటలు లేకుండా చేసే డబ్బా మంచిదో కాదో నేను ఆఫీసులో కూర్చుని చెప్పలేను. నీళ్ళు బాగా తగ్గే ఎండాకాలంలో పుట్లూరు, యల్లనూరు వైపు భాగాల బోర్లున్న ఇళ్ళలో వంతు మారే పూటకే పోయి ఉండాలని అనుకుంటున్నాం, అన్నదమ్ములతో విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి, ఇంటి ఆడవాళ్ళతో ఇంకోసారి మాట్లాడాలని. అప్పటిదాకా ఆ ఫీచరు మీద ఒక్క లైను కోడ్ కూడా రాయొద్దని చెప్పాను.